ఖాళీ అట్ట

ప్రొద్దుటూరులో డాక్టరు చీటీతో మందుల షాపుకు వచ్చేవాళ్లు తక్కువ. అయిపోయిన మాత్రల అట్టతో వస్తారు. ఒకరు కొంగున ముడివేసుకొని, ఒకరు సెల్‌ఫోను కవరు వెనక దాచుకొని తెచ్చి, గాజు బల్ల మీద పెట్టి వేలితో రెండుసార్లు తడతారు. ఇక మాట అక్కర్లేదు. సుమతి అట్టను వెనక్కి తిప్పి, చిరగకుండా మిగిలిన రెండక్షరాలను బట్టి, అవీ లేకపోతే గుంతల వరసను బట్టీ వెండి కాగితం రంగును బట్టీ మందేదో పోల్చుకుంటుంది. పద్నాలుగేళ్లుగా ఆమె పని అదే. గోడ మీద అద్దం బిగించి వేలాడదీసిన ఫార్మసిస్టు సర్టిఫికెట్టు ఆమెది. షాపు మాత్రం ఆదినారాయణది.

సోమవారం ఉదయం జైబున్నీసా బీపీ మాత్రల అట్ట తెచ్చింది. అది జల్లెడలా ఉంది.

"మా కోడి పొడిచి పెట్టింది పాపా. పేరు కనపడ్తాండాదా?"

"కోడికి కూడా బీపీ ఉండాదేమో, ఒకసారి చూపించు" అన్నాడు ఆదినారాయణ, గల్లాపెట్టె దగ్గర కుర్చీలోంచి.

"దానికి యాడ వస్తాదప్పా బీపీ? నీ బిల్లులు చూసేది నేను కదా."

సుమతి నవ్వుకుంటూ పై అరలోని పెట్టె కోసం నిచ్చెన మీద కాలు పెట్టింది.

"ఏయ్, దిగు. నిచ్చెన ఎక్కొద్దని ఎన్నితూర్లు చెప్పల్ల నీకు? ముందు ఆ ఉగ్గాని తిను, చల్లారిపోతాండాది."

అరవై రెండేళ్ల మనిషి మోకాళ్లు పట్టుకొని లేచి, ఒక్కొక్క మెట్టు దగ్గరా నిట్టూరుస్తూ తానే ఎక్కాడు. చేరిన నాటినుంచీ ఇదే వరస. పొద్దున తొమ్మిదింటికి బొరుగుల ఉగ్గాని పొట్లం ఆమె ముందుకు తోయడం, నిచ్చెన దగ్గరకు పోతే కసురుకోవడం. గొర్రెలు మేపుకునే ఇంటి పిల్లకు తన పై అరలు అందకూడదని కాబోలు అని సుమతి మొదట్లో బాధపడేది. తరువాత అనుకోవడం మానేసింది. మానేసిన ఆలోచన ఎక్కడికీ పోదు. కనబడని చోట ఉండి, మనిషి గొంతును కొంచెం పొడిగా చేస్తుంది. ఆమె ఆదినారాయణతో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

అప్పుడు వచ్చింది ఆ అమ్మాయి. పొడుగ్గా, నల్లగా, తలకు పసుపుపచ్చ గుడ్డ చుట్టుకొని, తెల్ల కోటు మడిచి చేతి మీద వేసుకొని ఉంది. పశువైద్య కాలేజీలో పై దేశాలనుంచి వచ్చి చదివేవాళ్లు ఊళ్లో అప్పుడప్పుడూ కనబడుతుంటారు.

"నమస్తే అన్నా. నా పేరు మైమూన్. టాంజానియా నుంచి వచ్చినా. ఈ మందు కావల్ల."

"యా అల్లా! మా చిన్నమ్మ పేరే. మన మాట్లే మాట్లాడ్తాండాదే ఈ పిల్ల!" అంది జైబున్నీసా.

"గొర్రెలోళ్ల దగ్గర నేర్చుకున్నా అమ్మా. వాళ్లకూ ఇంగ్లీషు రాదు, గొర్రెలకూ రాదు."

ప్లాస్టిక్ కవరులోంచి తీసి ఆమె ఇచ్చిన కాగితాన్ని సుమతి చూసింది. ఆసుపత్రి ముద్ర, డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు, రోగి పుట్టిన తేదీ, మందు అసలు పేరు, మోతాదు, ఎప్పుడు వేసుకోవాలో, ఎందుకు వేసుకోవాలో, అన్నీ అచ్చులో ఉన్నాయి. ఇంత స్పష్టమైన చీటీ ఈ గాజు బల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. ఫినోబార్బిటోన్, అరవై మిల్లీగ్రాములు, రాత్రికి ఒకటి. ఆ పేరు మీద ఆమె వేలు ఆగిపోయింది.

ఆదినారాయణ కాగితాన్ని దూరంగా పట్టుకొని చదివాడు.

"మీ దేశం డాక్టరు సంతకం ఈడ చెల్లదు పాపా. ఇది నిద్రమాత్రల జాతి మందు. రిజిస్టర్లో ఈడి డాక్టరు పేరు రాయల్ల. ల్యాకుంటే నా లైసెన్సు పోతాది."

"కాలేజీ దవాఖానాలో అడిగినా అన్నా. ఫిట్స్ డాక్టరే రాయల్ల అన్నారు. కడపలో ఉండే ఆయన పై వారం దాకా రాడంట. ఎప్పుడూ సెలవులకు మా ఊరు పోయి తెచ్చుకుంటా, ఈసారి పోలేకపోయినా. ఇంక మూడే ఉండాయి. మానేస్తే ఫిట్స్ వస్తాయి నాకు."

ఫిట్స్ అనే మాటను ఆమె దగ్గు, జలుబు అన్నంత మామూలుగా, షాపులో ఉన్న అందరికీ వినబడేట్టు అంది. సుమతి చప్పున తల వంచుకుంది, ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు.

"నేనేం చేసేది? రూలు రూలే."

"మొన్న ఒక కుక్కకు ఇదే మందు మీరే ఇచ్చినారంట అన్నా. చీటీ రాసింది మా సారు."

"కుక్కకు ఈడి డాక్టరే రాసినాడు కదా."

"అయితే నేను కుక్కనై పుట్టింటే బాగుండు" అని మైమూన్ నవ్వింది. జైబున్నీసా తన చేతిలోని కోడి పొడిచిన అట్టను మెల్లగా కొంగు కిందికి జరుపుకుంది.

ఆదినారాయణ చెప్పింది చట్టమే. సుమతికి అది ఆయనకంటే బాగా తెలుసు. కానీ చట్టం తెలిసిన ఆ షాపులోనే, పొద్దున్నించీ పదకొండు ఖాళీ అట్టలకు మందులు ఇచ్చింది తాను. ముద్రలూ సంతకాలూ ఉన్న కాగితం ఒక్కటే వెనక్కి పోయింది. 'అన్నా, ఒక్క మాట' అనాలని నాలుక దాకా వచ్చింది. అంటే, ఈ మందు గురించి నీకంత పట్టింపు ఎందుకని అడుగుతారు. బల్ల కింద తన సంచిలో, దువ్వెనకూ అద్దానికీ అడుగున, అవే మాత్రలు ఇరవై రెండు ఉన్నాయి. ఆమె సంచిని కాలితో ఇంకొంచెం లోపలికి తోసింది.

మైమూన్ కాగితాన్ని కవరులో పెట్టుకొని, పోతూ పోతూ "శానా థ్యాంక్స్ అన్నా" అంది. ఇవ్వనందుకు కూడా థ్యాంక్స్ చెప్పే మనిషిని సుమతి అంతకుముందు చూడలేదు.

బుధవారం మధ్యాహ్నం ఆదినారాయణ భోజనానికి ఇంటికి పోయినప్పుడు మైమూన్ మళ్లీ వచ్చింది.

"అక్కా, బ్లేడు ఉండాదా?"

"బ్లేడెందుకు?"

"మాత్ర కోయడానికి. సగం సగం వేసుకుంటే ఇంకో రెండు దినాలు వస్తాది కదా. నిన్న కత్తితో కోస్తే ఒకటి పొడి పొడి అయిపోయింది. ఇంక ఒకటే ఉండాది."

సుమతి ఆమె చేతులు చూసింది. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. మోతాదు తగ్గినప్పుడు మొదట తెలిసేది వేళ్లకే. ఆ సంగతి సుమతి ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"కోయొద్దు. ఉన్నట్టుండి తగ్గించే మందు కాదిది. ఈ రాత్రికి మొత్తం వేసుకో."

"రేపు?"

సంచి కాలికి తగులుతూనే ఉంది. వంగి ఒక అట్ట తీసి ఇవ్వడానికి ఎంతసేపు? మైమూన్ ఏమీ అనుకోదు. అడగదు కూడా. అయినా నడుము వంగలేదు. మనిషికి భయం తలలో ఉంటుందంటారు గానీ, అది కీళ్లలో ఉంటుంది.

"రేపు గురువారం" అంది చివరికి. "పులివెందులకు ఫిట్స్ డాక్టరు వస్తాడు. పోదాం. నేనూ వస్తా."

"నిజంగానా అక్కా? ఆయన వస్తాడని మీకెట్ల తెలుసు?"

"తెలుసు."

సాయంత్రం సెలవడిగితే ఆదినారాయణ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ఏంది పని? సింహాద్రిపురంలో మీ అమ్మ బాగుండాదా?"

"బాగానే ఉండాది. వేరే పని."

ఆయన ఇంకేదో అడగబోయి ఆగి, "పొద్దున్నే బస్సు కదా. ఖాళీ కడుపుతో పోబాకు" అన్నాడు. తిండి మీద కూడా పెత్తనమేనా అనుకుంది సుమతి.

పులివెందుల పోవడానికి జమ్మలమడుగులో బస్సు మారాలి. ఆ సంగతి సుమతికి తెలియనిది కాదు. తెలిసీ పట్టించుకోలేదు. బస్టాండు ఎదుటి మందుల షాపు ముందునుంచి ఇద్దరూ నడిచిపోతుండగా లోపలినుంచి ముసలాయన కేకేశాడు.

"భారతమ్మా! ఓ భారతమ్మా! ఈ నెల ముందే వచ్చినావే? మీ అమ్మకు ఎట్లుండాది? ఆమె మాత్రలు తీసి పక్కన పెట్టినా."

సుమతి ఆగలేదు. ముసలాయన షాపులోంచి బయటికి వచ్చి, మాత్రల అట్టను జెండాలాగా పైకెత్తి ఊపాడు. ఎండకు దాని వెండి కాగితం తళుక్కుమంది. మైమూన్ ఆ అట్టను చూసింది, సుమతిని చూసింది, మళ్లీ అట్టను చూసింది. పశువు నొప్పి చెప్పలేదు కాబట్టి దాన్ని చూసి పోల్చుకోవడమే ఆ పిల్ల చదివే చదువు. ఏమీ అడగకుండా బస్సెక్కి కిటికీ పక్క సీటు సుమతికి వదిలింది.

బస్సు ముద్దనూరు దాటింది. బయట చీనీ తోటలు, మధ్య మధ్య నల్లరేగడి చేలు. సుమతి వాటిని చూస్తున్నట్టు కూర్చుంది. నెలకొకసారి ఈ దారిలో సగం వచ్చి, వేరే పేరుతో, లేని జబ్బును తల్లికి అంటగట్టి మాత్రలు కొనుక్కుపోయే ఆడమనిషిని ఆమె మొదటిసారి బయటినుంచి చూసింది. ఆ మనిషి మీద కోపం రాలేదు. పాపం, ఎన్ని బస్సులు మారింది అనిపించింది.

మైమూన్ మెడలోంచి ఒక కార్డు తీసింది. లామినేషను చేసిన చిన్న కార్డు. ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు వాళ్ల భాష.

"అక్కా, నాకో సాయం చేస్తారా? పల్లెల్లో పశువుల క్యాంపులకు పోతాంటాం. ఆడ పడిపోతే ఇది ఎవరు చదువుతారు? తెలుగులో రాసియ్యండి."

సుమతి షాపు బిల్లు వెనకవైపు ఒళ్లో పెట్టుకొని, బస్సు కుదుపులకు పెన్ను ఎత్తుతూ దించుతూ రాయసాగింది.

'నాకు ఫిట్స్ ఉన్నాయి.'

రాశాక ఆ వాక్యం దగ్గరే కళ్లు ఉండిపోయాయి. తన దస్తూరీలో, తన అక్షరాలతో, 'నాకు' అని ఉంది. కింద రాసింది: 'నేను పడిపోతే భయపడకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెట్టకండి.'

"తాళాలు ఎందుకు పెడ్తారు అక్కా?"

"ఇనుము పట్టుకుంటే తగ్గుతాదని. గట్టిగా పిడికిలి మూసి నొక్కుతారు. నాకు వేలు చిట్లింది."

ఆ మాట అంత తేలికగా బయటికి వస్తుందని ఆమె అనుకోలేదు. కుడిచేతి ఉంగరపు వేలు కింద ఉన్న తెల్లటి గీతను చూపించింది. మైమూన్ ఆ చేతిని తన ఒళ్లోకి తీసుకొని, మేక గిట్టను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగా మానింది. చివరిసారి ఫిట్స్ వచ్చి ఎన్నాళ్లయింది?"

"తొమ్మిదేండ్లు."

"తొమ్మిదా! అయితే మీరు ఫస్ట్ క్లాస్ కేసు అక్కా. నేను రెండేండ్ల కేసు. థర్డ్ క్లాస్."

సుమతికి నవ్వొచ్చింది. నవ్వుతూనే సంచిలో చెయ్యి పెట్టి, దువ్వెననూ అద్దాన్నీ పక్కకు జరిపి, అడుగునుంచి మాత్రల అట్ట తీసింది. ఈసారి నడుము వంగింది.

"ఆ డాక్టరు ఈ రోజు రాకుంటే, రాత్రికి ఇది వేసుకో. సోమవారమే ఇయ్యాల్సింది. భయపడినా."

మైమూన్ రెండు చేతులతో అందుకుంది. ఎప్పుడూ థ్యాంక్స్ చెప్పే పిల్ల అప్పుడు మాత్రం చెప్పకుండా, అట్టను చాలాసేపు అరచేతిలో పెట్టుకొని కూర్చుంది.

డాక్టరు రఘునాథ్ వచ్చాడు. గురువారాలు ఒక చిన్న ఆసుపత్రిలో గది తీసుకొని చూస్తాడు. మైమూన్ కాగితాన్ని ఆయన మొదటినుంచి చివరిదాకా, వెనకవైపు కూడా తిప్పి చదివాడు.

"ఎవరమ్మా ఈ డాక్టరు? ఎప్పుడు మొదలైంది, ఏ మందు పనిచేయలేదు, ఏది పనిచేసింది, అన్నీ రాసినాడు. నేను అడగాల్సిందేమీ మిగల్లేదు."

అయినా కళ్లు చూశాడు, మోకాళ్ల మీద సుత్తితో తట్టాడు, చేతులు చాపించి వణుకు చూశాడు. నెలకు సరిపడా రాసి, నెల తరువాత మళ్లీ రమ్మన్నాడు. ఒక ఉత్తరం కూడా రాసి ఇచ్చాడు, ఎక్కడైనా అడిగితే చూపించడానికి. అంతా పావుగంట పని. మూడు రోజులు ఆ పిల్ల మందుకోసం తిరిగి, చివరికి బ్లేడు అడిగింది ఈ పావుగంట లేకనే.

"మీరేమవుతారు ఈ అమ్మాయికి?" అన్నాడు సుమతి వైపు తిరిగి.

"ఏమీ కాను సార్."

"అక్కను కూడా చూడండి సార్" అంది మైమూన్.

సుమతి ఆమె వైపు కోపంగా చూడబోయింది. కోపం రాలేదు. డాక్టరు చేయి చాపాడు. "మీ చీటీ?"

సుమతి సంచిలో వెదికింది. చూపించడానికి ఉన్నది ఒక్కటే. పోయిన నెల అయిపోయిన ఖాళీ అట్ట. దాన్ని బల్ల మీద పెట్టి వేలితో రెండుసార్లు తట్టింది. తట్టిన తరువాత తెలిసింది ఏం చేసిందో. పద్నాలుగేళ్లుగా గాజు బల్ల అవతలివైపు చూస్తున్న వేలు అది. ఇప్పుడది తన చేతికే ఉంది.

"ఇది చీటీ కాదు కదమ్మా" అన్నాడు డాక్టరు, చాలా మెత్తగా. "డాక్టరుకు చూపించుకొని ఎన్నాళ్లయింది?"

"ఎనిమిదేండ్లు."

"ఏం చేస్తుంటారు?"

"ఫార్మసిస్టును సార్."

ఆయన నవ్వలేదు. నవ్వకపోవడం సుమతికి ఎంతో మేలనిపించింది. ప్రశ్నలడిగి, రక్తపరీక్షలు రాశాడు. ఇన్నేళ్లు వాడితే ఎముకలు పలచబడతాయేమో చూడాలన్నాడు. పరీక్షలు బాగుంటే, ఆయన చెప్పిన లెక్క ప్రకారం, నెలలమీద మెల్లమెల్లగా మందు తగ్గించి చూడవచ్చునన్నాడు. అప్పటిదాకా ఒక్కటి కూడా మానొద్దన్నాడు.

"పూర్తిగా ఆపేయొచ్చేమో కూడా. ఇప్పుడే చెప్పలేను. కానీ ఎనిమిదేండ్ల కిందటే అడగాల్సిన ప్రశ్న ఇది. మీరు డాక్టరు మాట వదిలేసి అట్ట మాట విన్నారు."

చీటీ పైన పెన్ను ఆనించి, "పేరు?" అన్నాడు.

"సుమతి" అంది.

శుక్రవారం ఉదయం షాపులో జైబున్నీసా ఉంది. ఈసారి షుగరు మాత్రల అట్ట. ఆమె చెవిన పడితే మధ్యాహ్నానికి ఏడు వీధులకు తెలుస్తుంది. మైమూన్ వచ్చి తన చీటీ ఇచ్చింది. సుమతి ఒక్క క్షణం వీధి వైపు చూసి, సంచిలోంచి రెండో చీటీ తీసి దాని పక్కన పెట్టింది.

ఆదినారాయణ మొదటిది చదివి తల ఊపాడు. "ఇది చెల్లుతాది. ఆ పొద్దు వెనక్కి పంపినానని మనసులో పెట్టుకోబాకు పాపా. మీ డాక్టరు కాగితం కూడా ఇయ్యి, ఒక జిరాక్సు ఫైల్లో పెడ్తా." రెండోది చేతిలోకి తీసుకున్నాడు. పేరు దగ్గర చూపు ఆగింది. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి సుమతిని చూశాడు.

"నాకేనన్నా" అంది సుమతి. "పద్నాలుగేండ్లు పైనే. ఇదే మందు."

జైబున్నీసా వేలు అట్ట మీద తట్టబోయి గాలిలో ఆగింది. సర్టిఫికెట్టు అద్దం మీద వీధిలో పోయే ఆటో నీడ కదిలిపోయింది. ఆ సర్టిఫికెట్టు దించుకొని పోవాల్సి వస్తే గోడ మీద తెల్లటి చతురస్రం ఒకటి మిగులుతుందని, అదొక్కటే తాను ఇక్కడ ఉన్న గుర్తని సుమతి రాత్రంతా అనుకుంది.

ఆదినారాయణ రిజిస్టరు తెరిచాడు. మైమూన్ పేరు రాశాడు. కింద సుమతి పేరు రాశాడు. డాక్టరు పేరు రెండుసార్లు రాశాడు. ఆ మందు ఉండేది పై అరలో. సుమతి అలవాటుగా నిచ్చెన వైపు నడిచింది.

"ఏయ్, దిగు" అన్నాడు ఆయన. ఆమె ఇంకా ఎక్కనే లేదు.

మోకాళ్లు పట్టుకొని లేచి వచ్చి, నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు. ఆమె వైపు చూడకుండా, మెట్టుతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"మీ అమ్మ సంజీవమ్మ నిన్ను ఈడ వదిలిపెట్టిన దినం నా దగ్గర మూడు మాటలు తీసుకున్నది. నిచ్చెన ఎక్కించొద్దు. ఖాళీ కడుపుతో కూర్చోబెట్టొద్దు. నాకు తెలుసని దానికి తెలీకూడదు." ఒక మెట్టు ఎక్కాడు. "మూడోది ఈ పొద్దు తప్పినా."

బల్ల మీద ఉగ్గాని పొట్లం ఉంది. పొద్దున తొమ్మిదింటికి, ఎప్పటిలాగే, ఆయన ఆమె ముందుకు తోసిన పొట్లం. సుమతి దాన్ని చూసింది. పద్నాలుగేళ్ల పొట్లాలు ఒకదాని వెనక ఒకటి కళ్లముందు నిలబడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా ఆమె ఆకలితో తప్ప వేరే భావంతో తిని ఎరగదు.

"అయితే అప్పా, ఇంక నా కోడి అట్ట చెల్లదా?" అంది జైబున్నీసా. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. మైమూన్ పగలబడి నవ్వింది.

"చెల్లదు. నువ్వూ పోయి చీటీ రాయించుకొని రా" అన్నాడు పైనుంచి ఆదినారాయణ. నిచ్చెన కిర్రుమంది.

ఇన్నేళ్లూ ఆయన ఎక్కినప్పుడల్లా సుమతి ఇటు తిరిగి నిలబడేది. ఇప్పుడు దగ్గరకు పోయి నిచ్చెన రెండు కాళ్లనూ రెండు చేతులతో పట్టుకుంది.

"గట్టిగా పట్టుకో సుమతీ" అన్నాడాయన. "నా మోకాళ్ల సంగతి మీ అమ్మకు ఎవరూ చెప్పలేదు."